రాళ్ళు లేని జిల్లా

ముందే ఒప్పుకుంటున్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడం నాకు పుట్టుకతో రాలేదు. చెరువులో చేపను చూశానని నేనంటే మా ఆవిడ దాని తలా తోకా తీసేసి మధ్య ముక్కను మాత్రం నమ్ముతుంది. ఖమ్మంలో ఒక కోచింగ్ కాలేజీలో ఇరవై ఏళ్ళుగా భూగోళం పాఠం చెబుతున్నాను. బోర్డు మీద నేను ఒక నది పొడవు రాస్తే పిల్లలు దాంట్లోంచి కొంత తగ్గించి నోట్సులో రాసుకుంటారు. ఎంత తగ్గించాలో పై క్లాసువాళ్ళు కింది క్లాసువాళ్ళకు చెప్పి మరీ పోతారట.

కాబట్టి ఇది చదివేవారు కూడా చేతిలో ఒక కత్తెర పెట్టుకోవడం మంచిది. ఎక్కడ కత్తిరించాలో చివర్లో నేనే చూపిస్తాను. ఒక్క చోటే ఉంది. మిగతా చోట్ల ఉబ్బించి ఉంటానేమో గాని పుట్టించలేదు. పూరీని ఉబ్బిస్తాం, పిండిని పుట్టించలేం కదా.

సరే. పోయిన జనవరిలో నేను పంజాబు వెళ్ళొచ్చాను. పట్నాలు చూడడానికి కాదు. దక్షిణాన, రాజస్థాన్ ఇసుకను ఆనుకుని ఉన్న ఒక పల్లెటూళ్ళ జిల్లాకు. ఏటా కోత మిషన్ వేసుకుని మా వైపు వరి కోయడానికి వచ్చే ఒక సర్దార్జీది ఆ జిల్లా. పేరు రాయను. రాస్తే మా కాలేజీ పిల్లలు మ్యాపు తెరిచి నన్ను పట్టుకుంటారు.

ఆ జిల్లాలో గుట్ట లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. జిల్లా మొత్తానికీ ఎత్తయిన చోటు కాలువ గట్టు. ఆ గట్టెక్కి నిలబడితే పక్క ఊరి నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది, దాని వెనక ఇంకో ఊరి ట్యాంకు, దాని వెనక ఇంకోటి. బస్సు రావడం చూసి ఇంట్లోకి వెళ్ళి, స్నానం చేసి, రొట్టె తిని, తలపాగా చుట్టుకుని వచ్చినా బస్సు ఇంకా వస్తూనే ఉంటుంది. తాతల కాలంలో అక్కడ ఇసుక దిబ్బలుండేవట. కాలువ రాగానే జనం ఒంటెలతో కొన్నీ ట్రాక్టర్లతో కొన్నీ చదును చేసేసి, పిల్లలు జారుడాట ఆడుకోవడానికి ఊరికొక చిన్నది వదిలారు. భూమిని అట్లా ఇస్త్రీ చేసిన మనుషుల్ని నేనెక్కడా చూడలేదు.

రాయి కూడా లేదు. రోడ్డు వెయ్యాలంటే రాయి, ఇంటి పునాదికి రాయి, అన్నీ ఎక్కడో ఉత్తరాన కొండల కింద నుంచి లారీల్లో రావాలి. నీళ్ళు రెండు రకాలు. కాలువ పక్కన చేతిపంపు కొడితే తియ్యటి నీళ్ళు, పొలంలో కొడితే ఉప్పటివి. పొద్దున్నే ఊరు ఊరంతా క్యాన్లు పట్టుకుని కాలువ గట్టున చేరుతుంది. ఆ ఊరి వార్తలన్నీ అక్కడే పుడతాయి.

ఎండాకాలంలో పడమటి నుంచి దుమ్ము గోడ లేస్తుంది. గోధుమ రంగు గోడ, నేల నుంచి ఆకాశం దాకా. అది ఇంకా పది ఊళ్ళ అవతల ఉండగానే కనిపిస్తుంది. ఆడవాళ్ళు తొందరపడకుండా బట్టలు తీసుకుంటారు, మంచాలు లోపల వేస్తారు, బర్రెల్ని కట్టేస్తారు, తలుపు మూసుకుని కూర్చుంటారు. అప్పుడొస్తుంది గోడ. వాన మాత్రం తక్కువ. మాకు ఒక ముసురులో కురిసేది వాళ్ళకు ఏడాది సరిపడా వాన. ఇక చలికాలంలో పొగమంచు. రోజుల తరబడి సూర్యుడు కనిపించడు. బస్సుకు దారి కనబడకపోతే క్లీనర్ దిగి, తెల్ల తువ్వాలు పట్టుకుని ముందు నడుస్తాడు, వాడి వెనక బస్సు నడుస్తుంది. లోపల ప్రయాణికులు పల్లీలు తింటూ కూర్చుంటారు. మనిషికి తన చెయ్యి కనబడని ఆ మంచే గోధుమ పైరుకు ప్రాణమట.

జనం సంగతికొస్తే, అంతా ఒకటే భాష, పంజాబీ. కాని జూన్‌లో వరినాట్లకు రైళ్ళ నిండా బీహారు మనుషులు దిగుతారు. రెండు నెలలు ఊరికి రెండు భాషలు. దూడ తప్పిపోయినా, కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పాలన్నా గురుద్వారా మైకులో చెబుతారు. వరి పండిస్తారు, అన్నం మాత్రం తినరు. ఎవరికైనా కడుపులో బాగోలేకపోతే వండుతారు. మిగతా రోజుల్లో రొట్టె. సర్దార్జీ వాళ్ళమ్మ నాకు బకెట్టంత గ్లాసులో మజ్జిగ ఇచ్చింది. ఆవిడ వంటింట్లో మామిడికాయ పచ్చడి జాడీ మీద ఒక రాయి బరువు పెట్టి ఉంది. నున్నటి, నల్లటి, కోడిపెట్టంత రాయి. ఆ ఇంట్లో ఉన్న ఏకైక రాయి. అది మా వాగు రాయి.

మా వాగు రాయి అక్కడికెట్లా పోయిందో చెప్పాలంటే మూడేళ్ళు వెనక్కి పోవాలి. జిల్లా గురించి పైన రాసిన సంగతులన్నీ అప్పుడే, మా చిన్నమ్మ వాకిట్లో, సర్దార్జీ నాకు చెప్పాడు. నేను ఒక్క ముక్క నమ్మలేదు. నమ్మకపోగా పోటీకి దిగాను. ఆ పోటీ దెబ్బకు మా చిన్నమ్మ ఏడాది తిండి నీళ్ళపాలు కాబోయింది.

మా చిన్నమ్మ ఊరు దుమ్ముగూడెం దాటాక, రోడ్డు అడవిలోకి దూరబోయి మనసు మార్చుకుని ఆగిపోయే చోట ఉంది. ఒక పక్క గోదావరి, ఒక పక్క గుట్టలు, మధ్యలో విస్తరాకంత పొలాలు. అక్కడ ఆకాశం కూడా చిన్నదే, రెండు గుట్టల నడుమ ఎంత పడితే అంత. వాన వస్తోందని ముందుగా తెలియదు. నెత్తిన పడ్డాక తెలుస్తుంది. రాళ్ళకు మాత్రం కొదవ లేదు. దుక్కి దున్నిన ప్రతిసారీ చేలోంచి రాళ్ళేరి గట్టు మీద పోస్తారు, మళ్ళీ ఏడాదికి అన్నే పుడతాయి. ఊళ్ళో నాలుగు వీధులు, నాలుగు భాషలు. ఒక వీధిలో కోయ భాష, ఒక వీధిలో మా తెలంగాణ మాట, ఒక వీధిలో కోస్తా నుంచి భూములు కొనుక్కుని వచ్చినవాళ్ళ సాగదీసే మాట, కిరాణా కొట్టు దగ్గర ఉర్దూ. మా చిన్నమ్మ కోడిపుంజు నాలుగింట్లో దేంతో పిలిచినా వస్తుంది. కత్తి పట్టుకుని పిలిస్తే మాత్రం ఏ భాషా రాదు దానికి.

చిన్నమ్మకు వాగు పక్కన రెండెకరాలుంది. ఆ వడ్లు ఆమె అమ్మదు. ఏడాదంతా తాను తినడానికి, పండక్కీ పబ్బానికీ వచ్చే మాలాంటి తిండిబోతులకు పెట్టడానికి. ఆ ఇంటికి కాపురానికి వచ్చిన నాటి నుంచి పరాయి బియ్యం ఎసట్లో పోయలేదని ఆమె గర్వం. పెళ్ళిళ్ళకు పోయినా కూర తిని, అన్నం పక్కకు నెట్టి, ఇంటికొచ్చి తింటుంది. ఏటా కోతలకు నేను రెండు వారాలు సెలవు పెట్టి వెళతాను, పర్యవేక్షణకు. పర్యవేక్షణ అంటే నులక మంచం మీద కూర్చుని, మిషన్ చేస్తున్న పనిని అది మధ్యలో ఆపేయకుండా చూస్తూ ఉండటం.

ఆ ఏడే మొదటిసారి ఆ ఊరికి వచ్చిన సర్దార్జీ మకాం చిన్నమ్మ వాకిట్లోనే. నలభై దాటిన మనిషి, తలుపుకు అడ్డం నిలబడితే ఇంట్లో చీకటి పడేంత. పన్నెండేళ్ళుగా వేరే ఊళ్ళ కోతల్లో కూలీల దగ్గర నేర్చుకున్న తెలుగు. చిన్నమ్మను మాతాజీ అంటాడు. నేను పాఠాలు చెబుతానని తెలిసి నన్ను మాష్టర్‌జీ అంటాడు. ఆ సాయంత్రం ఇటుకల పొయ్యి మీద రొట్టెలు కాలుస్తూ తన జిల్లా గురించి మొదలుపెట్టాడు.

"మా జిల్లాల గుట్ట లేదు మాష్టర్‌జీ."

"లేదంటే? చిన్నది కూడ?"

"చిన్నది కూడ లేదు. కాలువ గట్టే మాకు గుట్ట. రాయి కూడ లేదు. ఈడ టైరు కింద రాయి పెట్టినం చూడు, మా ఊర్ల గట్ల దొరకది. కట్టె పెడ్తం."

చిన్నమ్మ వడ్లు దంచుతున్నట్టు బుగ్గన చెయ్యి కొట్టుకుంది. "రాయి లేకుంటే పచ్చడెట్ల నూరుతరు బిడ్డా?"

"బయట నుంచి వస్తది మాతాజీ. లారీల."

"పచ్చడి నూరే రాయి లారీల వస్తదా!" అంది చిన్నమ్మ. కరువు ప్రాంతం గురించి విన్నప్పటి గొంతు. "మరి గంత వరి పండిస్తరంటివి. ఆ బియ్యం మంచిగుంటయా?"

"మేము తినం మాతాజీ. కోసిన దినమే మార్కెట్‌కు పోతయ్."

"ఏంది? పండించి తినరా? మరెందుకు పండిస్తరు?"

సర్దార్జీ పొయ్యి వైపు తిరిగాడు. రొట్టె తిప్పాడు. చిన్నమ్మ ఇంకా తల ఊపుకుంటూ పాలు కాగబెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఆమె లోపలికి వెళ్ళడం ఈ కథలో ముఖ్యం, గుర్తుంచుకోండి.

తర్వాత సర్దార్జీ బస్సు ముందు నడిచే క్లీనర్ గురించి చెప్పాడు. పది ఊళ్ళ అవతలి దుమ్ము గోడ గురించి చెప్పాడు. నాకు లోపల మండింది. ఇరవై ఏళ్ళుగా ఒక గదిలో నలుగురి చేతా నోళ్ళు తెరిపించినవాణ్ణి. నేను మంచం మీద కూర్చుని ఉండగా, నా ఎదురుగానే ఒక మనిషి మొత్తం జిల్లాను రాళ్ళు లేకుండా చేసేస్తే ఎట్లా ఊరుకోవడం?

"మీది ఒట్టి బల్లపరుపు భాయీ. మా మట్టిని చూడలే నువ్వు. గా వాగు పక్క చేను కనబడుతుందా? ఒక ఏడాది దాంట్ల ట్రాక్టర్ దిగింది. పొద్దుగూకే వరకు సైలెన్సర్ దాక పోయింది. తెల్లారి చూస్తే సైలెన్సర్ కూడ లేదు. మూడు దినాలు భూమిలకెళ్ళి పొగొచ్చింది."

సర్దార్జీ రొట్టె దించాడు. "డ్రైవర్?"

"దూకిండు. చెప్పులు పోయినయ్."

ఆ చెప్పుల ముక్క ఎందుకు తగిలించానో నాకే తెలియదు. పెద్ద అబద్ధానికి చిన్న చెప్పులు తొడిగితే నడుస్తుంది. సర్దార్జీ ఆ చీకట్లు కమ్ముతున్న చేను వైపు చాలాసేపు చూశాడు. నేను ఆ రాత్రి గెలిచినవాడిలా నిద్రపోయాను. వేలు పెట్టి చూపించిన చేను మా చిన్నమ్మదేనన్న సంగతి నాకు తట్టనే లేదు. ఎదురుగా ఉంది, చూపించాను, అంతే.

నాలుగు రోజుల్లో ఊళ్ళో మెట్ట మీది చేలన్నీ కోశాడు. అయిదో రోజు పొద్దున అందరి ఫోన్లలోనూ తుఫాను దిగింది. బంగాళాఖాతంలో వాయుగుండం, రేపటి నుంచి భారీ వానలు. ఇక మిగిలింది చిన్నమ్మ రెండెకరాలు. వడ్లు పండి, కంకులు తలలు వాల్చి, రేపో మాపో ఒరుగుతామన్నట్టు ఉన్నాయి. వాన పడితే పడుకుంటాయి, పడుకుంటే మొలకెత్తుతాయి. మిషన్ తిరగడానికి వీలుగా నాలుగు మూలలా కాస్త కాస్త ముందు రోజే కొడవలితో కోసి పెట్టింది చిన్నమ్మ. మంచు ఆరేదాకా ఆగి, పది గంటలకు మిషన్‌కు బొట్టు పెట్టి, "ఇగ పోనియ్ సర్దారూ" అంది.

సర్దార్జీ మిషన్ ఎక్కలేదు. చేతులు జోడించాడు.

"మాఫ్ చెయ్ మాతాజీ. నీ చేన్ల దిగ."

"ఎందుకు దిగవు?"

"నీ చేను ట్రాక్టర్‌ను తిన్నది."

ఊళ్ళోవాళ్ళు గట్టు మీద పదిమంది ఉన్నారు. నా లెక్కలో ముప్ఫై మంది అనుకోండి. అందరూ నవ్వబోయి సర్దార్జీ మొహం చూసి ఆగారు. చిన్నమ్మ చేను వైపు చూసింది, సర్దార్జీ వైపు చూసింది.

"నా చేను ట్రాక్టర్‌ను తిన్నదా? ఎప్పుడు తిన్నది? నాకు చెప్పకుండనే తిన్నదా?"

"సైలెన్సర్ దాక. మూడు దినాలు పొగ. డ్రైవర్ చెప్పులు పోయినయ్."

"ఎవడు చెప్పిండు?"

సర్దార్జీ చెప్పాల్సిన పని లేకపోయింది. చెప్పుల దాకా వచ్చిన అబద్ధం ఎవరిదో ఆ ఊళ్ళో అందరికీ తెలుసు. ముప్ఫై మందీ, కాదు పదిమందీ, నా వైపు తిరిగారు.

"గది నేను ఊరికెనే అన్న భాయీ," అన్నాను. "అబద్ధం. ఏ ట్రాక్టర్ దిగలే."

సర్దార్జీ కోపంగా లేడు. అదే కష్టంగా ఉంది నాకు. నిదానంగా లెక్క అప్పజెప్పినట్టు అన్నాడు: "మాష్టర్‌జీ, నాలుగు దినాల కింద నీకు నాతోటి పని లేకుండె. ఈ దినం పని ఉన్నది. పని లేనప్పుడు చెప్పిన మాట నిజమా, పని పడ్డంక చెప్పిన మాట నిజమా? మా దిక్కు మాష్టర్ అబద్ధం ఆడడు. పిల్లలకు చెప్పేటోడు."

నాకు నోట మాట రాలేదు. ఈ వాక్యం నేను రాయడం ఇదే మొదటిసారి, గమనించండి.

"ఏరా," అంది చిన్నమ్మ. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "నీ కతలకు నా చేనే దొరికిందా? అవతల గుట్ట లేదా? గోదారి లేదా? దాంట్ల ముంచకపోయినవ్, నీ ట్రాక్టర్‌ను."

చైన్ల మిషన్లు, అంటే బురదలో దిగగలిగేవి, అన్నీ చర్ల వైపు పోయాయి. వారం దాకా రావు. కొడవలి పట్టే చేతులన్నీ పత్తి ఏరడానికి పోయాయి. ఉన్నది ఈ టైర్ల మిషన్ ఒక్కటే. చిన్నమ్మ గట్టు మీద చతికిలబడి, "ఇగ ఈ ఏడు కొన్న బియ్యమే," అంది. ఎవరితోనూ అనలేదు. చేనుతో అంది. ఆ మాట సర్దార్జీ విన్నాడు. పండించి తినని జిల్లా నుంచి వచ్చిన మనిషి, తినడానికే పండించిన ఆ రెండెకరాల్ని మళ్ళీ ఒకసారి చూశాడు.

వంగి ఒక మట్టిగడ్డ తీశాడు. లడ్డూలా చుట్టి, భుజం ఎత్తు నుంచి వదిలాడు. పగిలింది. వాగు వైపు పోయి ఇంకోటి చుట్టి వదిలాడు. అది పగలకుండా చపాతీలా అతుక్కుంది.

"ఈ దిక్కు గట్టిది. ఆ దిక్కు ఎరుక లేదు," అన్నాడు. "మా దగ్గర కాలువ నీళ్ళు ఊరిన చేన్లకు మిషన్ పోవాల్నంటే, చేనుగలాయన ముందు నడుస్తడు. ఉత్త కాళ్ళతోటి. ఆయన కాలు దిగకుంటే మిషన్ పోతది. బరువు మనిషి కావాలె." నా వైపు చూశాడు. "నీ బరువెంత?"

"క్వింటాల్," అన్నాను.

"తొంభై రెండు," అంది చిన్నమ్మ. "నిరుడు వడ్ల కాంట మీద నిలబెట్టిన."

"చాలు. చెప్పులు విడువు. మడమ ముందు కొట్టు, తర్వాత అడుగెయ్యి. చీలమండ దిగితే ఇది లేపు." మెడలోని తెల్ల తువ్వాలు తీసి నా చేతికిచ్చాడు. "మాష్టర్‌జీ, ఈ మిషన్ నా ఒక్కనిది కాదు, మా ముగ్గురు అన్నదమ్ములది. దిగబడితే మూడిండ్ల పొయ్యిలు ఆగుతయ్. దిగినంత చెప్పు. ఎక్కువ వద్దు, తక్కువ వద్దు."

గట్టి వైపు ఎకరన్నర గంటలో అయిపోయింది. తర్వాత వాగు వైపు. నేను కంకుల మధ్య దిగాను. నడుము దాకా వడ్లు, చేతిలో తెల్ల తువ్వాలు, పది బారల వెనక ఇల్లంత మిషన్ గురగురమంటూ. మూడు అడుగులు వేశాక నవ్వొచ్చింది నాకు. పొగమంచులో బస్సు ముందు నడిచే క్లీనర్‌ను నమ్మలేదన్నానా? నడుస్తున్నాడు. మడమ కొట్టడం, అడుగెయ్యడం, మడమ కొట్టడం, అడుగెయ్యడం. వరి ఆకులు చేతులు కోశాయి. ఒక ఎండ్రకాయ నా బొటనవేలిని తన ఇంటి తలుపు అనుకుని తట్టింది. గట్టు మీద జనం, "మాష్టారూ, ట్రాక్టర్ తగిలిందా? చెప్పులు దొరికితే మాకియ్యి!" అని అరుస్తున్నారు. చిన్నమ్మ మాత్రం నవ్వడం లేదు. నా కాళ్ళ వైపే చూస్తోంది.

వాగు మూలకు వచ్చాక కాలు మెత్తగా దిగింది.

ఆ మూల వడ్లు చేను మొత్తంలో బాగా పండినవి. నీళ్ళ చెమ్మకు కంకులు బరువుగా ఉన్నాయి. అడుగు వెనక్కి తీసి మళ్ళీ మడమ కొట్టాను. మళ్ళీ దిగింది. మోకాలి దాకా దిగిందని చెబితే సర్దార్జీ చేను వదిలి వెళ్ళిపోతాడు. ఏమీ దిగలేదని ముందుకు నడిస్తే మిషన్ వస్తుంది, పోతే పోతుంది, ఉంటే ఉంటుంది, చిన్నమ్మకు ఆ మూల కూడా దక్కుతుంది. చిన్నమ్మ వైపు చూశాను. ఆమె తల ఊపలేదు, సైగ చెయ్యలేదు. నన్ను ఎప్పుడూ చూడని మనిషిని చూస్తున్నట్టు చూస్తోంది.

తువ్వాలు లేపాను.

మిషన్ ఆగింది. "ఎంత?" అని పైనుంచి అరిచాడు.

"చీలమండ దాక."

సర్దార్జీ దిగి వచ్చాడు. నా అడుగు పక్కనే తన మడమ కొట్టాడు. వంగి రెండు గుంటల్నీ వేలితో కొలిచాడు. లేచి, "బరాబర్," అన్నాడు. నేను చెప్పిన నిజాన్ని ఒకరు తగ్గించకుండా తీసుకోవడం అదే మొదటిసారి. మా ఆవిడ అక్కడ లేకపోవడం నా దురదృష్టం.

మెత్తటి మేర అంతా నన్నే నడిపించి, చుట్టూ పుల్లలు పాతించాడు. గదంత చోటు తేలింది. అది వదిలి మిగతా అరెకరం కోశాడు. ఆ గదంత చోటును కొడవళ్ళతో కోయడానికి చిన్నమ్మ, పక్కింటి కోయ అక్కచెల్లెళ్ళిద్దరు, నేను దిగాం. చూస్తే సర్దార్జీ కూడా ఒక కొడవలి తీసుకుని గొంతుకూర్చుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు జరుగుతూ కోస్తున్నాడు.

"కూసోని కోసేదేంది సర్దారూ, ఆకుకూరనా?" అంది చిన్నమ్మ. పొద్దుటి నుంచి అప్పుడు నవ్వింది.

"గోధుమలు గిట్లనే కోస్తం మాతాజీ. వంగి కోస్తే నడుం పోతది. మీకు పోదా?"

"మాకు పోయి శానా దినాలైంది. లేకుంటనే కోస్తున్నం."

నాలుగు గంటలకు ట్రాలీ ఇంటి ముందుకు వచ్చింది. వడ్లు వసారాలోకి ఎత్తి, పట్టనివాటి మీద పరదాలు కప్పి, పరదాల మీద రాళ్ళు పెట్టాం. రాళ్ళు కావలసినన్ని. పొద్దుగూకుతుండగా రెండు గుట్టల మధ్య ఉన్న ఆకాశం ఒక్కసారిగా ఊరి మీద పడింది. రెండు రోజులు ఎడతెరిపి లేదు. వాగు పొంగి ఆ కోసిన మూలలోకి వచ్చింది. సర్దార్జీ, ఆయన వెంట మిషన్ మీద వచ్చిన మనుషులు ముందు వసారాలో వడ్ల పక్కన పడుకున్నారు. రొట్టెల పొయ్యి తడిసిపోయింది. చిన్నమ్మ అందరికీ తన పాత బియ్యం వండి పెట్టింది. సర్దార్జీ కడుపులో ఏ బాధా లేకుండానే రెండు పూటలా అన్నం తిన్నాడు. మూడోసారి వడ్డించమన్నాడు కూడా.

"మంచిగున్నయా?" అని అడిగింది చిన్నమ్మ.

"మంచిగున్నయ్ మాతాజీ. ఇప్పుడు సమజైంది, ఎందుకు పండిస్తరో."

వాన వెలిశాక వెళ్ళేముందు ఆయన వాగులో దిగి చాలాసేపు వెతికి, ఒక నున్నటి నల్ల రాయి ఏరుకున్నాడు. వాళ్ళమ్మ పచ్చడి జాడీ మూత ఎప్పుడూ లేస్తుందట, బరువు పెట్టడానికి ఇటుక ముక్క వాడుతుందట. రాయిని పాత గోనెసంచిలో చుట్టి పనిముట్ల పెట్టెలో పెట్టాడు. మా ఊళ్ళో గట్ల మీద పారబోసే వస్తువును ఒక మనిషి అంత జాగ్రత్తగా చుట్టడం చూసి చిన్నమ్మ ఇంకో రెండు ఇవ్వబోయింది. "ఒకటి చాలు మాతాజీ," అన్నాడు. "ఒకటుంటే చూపిచ్చుకోవచ్చు."

ఇక కత్తెర తీయండి.

నేను పంజాబు వెళ్ళలేదు. టికెట్టు కొన్నమాట నిజం. జనవరిలో మంకీ క్యాపు పెట్టుకుని, దుప్పటి మడత పట్టుకుని ఖమ్మం స్టేషన్లో కూర్చున్నమాట నిజం. ఉత్తరాన పొగమంచు వల్ల బండి పది గంటలు ఆలస్యమన్నారు. పది గంటలయ్యాక రద్దయిందన్నారు. ప్లాట్‌ఫాం మీద నుంచే ఫోన్ చేస్తే సర్దార్జీ పగలబడి నవ్వాడు. "చూసినవా మాష్టర్‌జీ! మా మంచు మీ ఖమ్మం దాక వచ్చింది."

ఇంటికి తిరిగొచ్చాను. మళ్ళీ టికెట్టు కొనలేదు. ఇన్నేళ్ళలో నా మాటను ఉన్నదున్నట్టుగా నమ్మినవాడు ఆయనొక్కడే. ట్రాక్టరు మునిగిందంటే మునిగిందనే నమ్మి, మిషన్ ఆపేసి, చేతులు జోడించాడు. అట్లాంటి మనిషి చెప్పిన జిల్లాను నేను వెళ్ళి సరిచూడడం ఏమిటి? అందుకే పైన ఆయన చెప్పినదాన్ని చెప్పినట్టే రాశాను. కాలువ గట్టును బెత్తెడు పెంచలేదు, మంచును చిటికెడు చిక్కబరచలేదు. చూశానన్నది ఒక్కటే నేను పుట్టించాను. బకెట్టంత మజ్జిగ గ్లాసు నేను తాగలేదు. వస్తే ఇస్తుందని ఆయన అన్నాడు.

పచ్చడి జాడీ మీద మా వాగు రాయిని కూడా నేను చూడలేదు. ఉందని ఆయన అన్నాడు. ఉంది.